పాసంగం

మంగళవారం ఉదయం పదకొండున్నరకు సూరాడ పోలమ్మ గరిటెను కొరికింది. గాజు పగిలింది. ఆమె పై పెదవి తెగింది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సముద్రం పక్కనున్న ఆసుపత్రుల్లోని గరిటెలన్నీ ఆ మధ్యాహ్నం నుంచి పనిచేయలేదు.

గరిటె దాని అసలు పేరు కాదు. తయారుచేసిన కోస్తా నోటి పరీక్షా కేంద్రం దానికి మూడు మాటల పేరు పెట్టింది. పిడి, పిడి చివర గుండ్రటి గాజు ఉండటంతో చేపలమ్మే ఆడవాళ్లు దాన్ని గరిటె అన్నారు. కొన్నాళ్లకు డాక్టర్లూ అలాగే అన్నారు. దాన్ని నోట్లో పెట్టి అంగిలికి ఆనిస్తే వెలుగు కండలోకి దిగి తిరిగి వస్తుంది. వచ్చిన వెలుగును బట్టి లోపలి కణాల బొమ్మ తెర మీద పడుతుంది. ముక్క కోయడం, మైనంలో పోయడం, పలచగా తరగడం, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టడం అక్కర్లేదు. మనిషి కుర్చీ దిగేలోపు తెర మీద రెండు మాటల్లో ఒకటి వస్తుంది. 'మామూలు', లేదా 'కోయాలి'.

ఉత్తర కోస్తాలో ఆడవాళ్లు చుట్టను అడ్డపొగ తాగుతారు. అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటారు. ఒడ్డున గాలికి చుట్ట ఆరిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఆ వేడికి అంగిలి తెల్లబడి మందమవుతుంది. కొందరికి అక్కడే పుండు లేస్తుంది. ఆ పుండు కోసమే గరిటె పుట్టింది.

మొదటి ఏడాది అది నవ్వులపాలైంది. చుట్ట ముట్టని వాళ్ల అంగిలిని దానికి నమూనాగా ఇచ్చారు. దాంతో ఒడ్డు మీద నోరు తెరిచిన ప్రతి ఆడమనిషికీ 'కోయాలి' అని వచ్చింది. వందల మందికి కోశారు. ఎక్కువ మందిలో జబ్బు లేదు. అడ్డపొగ తాగినా జబ్బు రాని అంగిలి ఒకటి నమూనాగా కావాల్సి వచ్చింది. మైనంతో చేసిన అంగిలి పనికిరాలేదు. దానిలో రక్తం పారదు, తడి ఉండదు. బతికున్న మనిషి కావాలి. గాజు ఏ నెలకా నెల కొద్దిగా తేడా చూపిస్తుంది కనుక ఆ మనిషి నెలనెలా రావాలి.

తీడపాలెంలో పోలమ్మ దొరికింది. ఒడ్డున చేపల వేలం పాడేది ఆమే. పడవ తగలగానే గంపల మధ్య నిలబడి పాట ఎత్తుకుంటే, రోడ్డు మీద వ్యాన్లలో కూర్చున్న బేరగాళ్లకు వినపడేది. చిన్నప్పటి నుంచీ అడ్డపొగే. ఆమె అంగిలి నుంచి ముక్క తీసి చూశారు. మందంగా ఉంది, జబ్బు లేదు.

కేంద్రం డైరెక్టరు డాక్టర్ కిల్లి మాధవరావు ఆమెకు అర్థమయ్యే మాట కోసం వెతికారు.

"తూకం వేసే ముందు తక్కెడలో రెండు సిబ్బెలూ సమంగా ఉన్నాయో లేదో చూస్తావు కదమ్మా. తేడా ఉంటే తేలిక సిబ్బెలో రాయి వేస్తావు."

"పాసంగం."

"అదే. మా గరిటెకి నువ్వే పాసంగం."

ఆరేళ్ల పాటు నెలకొకసారి తీడపాలేనికి జీపు వచ్చి ఆమెను కేంద్రానికి తీసుకెళ్లింది. పోలమ్మ నోట్లో ఉన్నది మామూలు అని గరిటె రాసుకునేది. మిగతా గరిటెలన్నిటికీ ఆ లెక్కే వెళ్లేది. ఆ నెలంతా ఎవరి నోరు చూసినా, పోలమ్మ నోట్లో ఉన్నదాన్ని తీసేసి, మిగిలిందే జబ్బుగా చూసేది. ఆమెకు రెండు షరతులు. అంగిలి ఎవరికీ కోయనివ్వకూడదు. చుట్ట మానకూడదు. చుట్టల కట్ట కేంద్రమే జీపులో పంపేది.

పోలమ్మ కూతురు గౌరీశ్వరి రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. జీపు వచ్చిన రోజున ఆమె ఇంట్లో ఉండేది కాదు. చుట్టల కట్ట ఇంట్లో కనపడితే వీధిలోకి విసిరేది. పోలమ్మ వెళ్లి ఏరుకు తెచ్చుకునేది.

"కొరివితో తల గోక్కుంతన్నావు" అనేది కూతురు.

"గోకింది గవర్మెంటే" అనేది తల్లి.

మార్చిలో పోలమ్మ చేపల పులుసు తినడం మానింది. కారం మండుతోందంది. మజ్జిగన్నం తిన్నది. ఒక పొద్దున నోరు పుక్కిలిస్తూ తల వెనక్కి వంచినప్పుడు కూతురు చూసింది. అంగిలి మీద కుడి పక్క శనగ గింజంత కంతి ఉంది. చుట్టూ ఎర్రగా ఉంది.

"ఇదెప్పట్నించే?"

"ఏటది?"

"నోట్లో కంతి."

"మొన్న గరిటెట్టినారు. మామూలన్నాది."

"గరిటె మాట నాకెందుకు? నీ నోరు సూస్తన్నాను నాను. పద, కోయించీసి సూపిద్దాం."

పోలమ్మ లేచి చెంబు నేలకు కొట్టింది. "కోత్తే ఏటవుద్దో తెల్సునా నీకు? బొడ్డపాలెం ఆదెమ్మని సూడు. ముక్కుతో మాటాడతాది. గేదె అరిసినట్టుంటాది. రేపు ఒడ్డు మీద నాను అలాగ పాట పాడితే ఒక్కడు పలుకుతాడేటి? గొంతు పోతే నానెవుల్ని?"

గౌరీశ్వరి ఆ రోజు షెడ్డుకు వెళ్లలేదు. బస్సెక్కి కేంద్రానికి వెళ్లింది. గేటు దగ్గర కాపలావాడు ఆపాడు. పాసంగం కూతుర్ని అంటే వదిలాడు.

డాక్టర్ మాధవరావు ఆమెను కూర్చోమనలేదు. తెర తిప్పి చూపించారు. "ఇది మొన్నటిది. ఇది పోయిన నెలది. ఇది అంతకుముందుది. మూడూ మామూలే."

"మామూలంటే ఏటండి?"

"అందరికీ ఉన్నట్టే ఉందని."

"మామూలంటే మా ఒడ్డు మీద పోలీసోలికి ఇచ్చేది. మీకెవులిచ్చేరు బాబూ?"

"నోరు జాగ్రత్తమ్మా."

"అదే సెప్తన్నాను. మాయమ్మ నోరు జాగ్రత్త. ముక్క కోసి సూడండి."

"కోస్తే ఆ పుండు మానడానికి రెండు నెలలు. రెండు నెలలు ఆవిడ పాసంగం ఇవ్వడం కుదరదు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మూతపడుతుంది. ఆ రెండు నెలల్లో జబ్బున్న వాళ్లను పట్టుకునేదెవరు, నువ్వా?"

"మా ఇంట్లో ఉన్నదాన్ని పట్టుకున్నాను కదా."

ఆయన గంట కొట్టారు. కాపలావాడు వచ్చాడు. గౌరీశ్వరి గడప దాటాక వెనక్కి తిరిగి అన్న మాటను డైరెక్టరు గది బయట కూర్చున్న వాళ్లంతా విన్నారు. "మాయమ్మ నోట్లో నిప్పు మీరెట్టినారు. ఆర్పమంటే గంట కొడతన్నారు."

కేంద్రంలో మైక్రోస్కోపు గది జనరేటరు షెడ్డు పక్కకు మారి మూడేళ్లయింది. దానిలో మిగిలిన డాక్టరు ఒక్కరే, బెహరా శారద. గరిటె మొదటి ఏడాది దాని తప్పులు లెక్కగట్టింది ఆమే. పోలమ్మ మొదటి ముక్కను చూసి జబ్బు లేదని సంతకం పెట్టిందీ ఆమే. తర్వాత కోతలు తగ్గాయి, స్లైడ్లు తగ్గాయి. డైరెక్టరు, ఆమె కాగితాల మీదే మాట్లాడుకునేవారు.

ఏప్రిల్లో ఆమెకు బరంపురం ఆసుపత్రి నుంచి పెట్టె వచ్చింది. మైనం ముక్క, స్లైడు ఉన్నాయి. రోగి పేరు గనగళ్ల ఎర్రమ్మ. తీడపాలెం పక్క ఊరు. ఒడిశాలో చుట్టాలింటి పెళ్లికి వెళ్లి ముక్కు వెంట రక్తం కారి పడిపోయింది. బరంపురంలో గరిటె లేదు. కోశారు. మీ కేంద్రం రెండుసార్లు మామూలని చెప్పిందట, మరోసారి చూసి చెప్పండి అని అక్కడి డాక్టరు రాశారు.

అంగిలి పై పొరకు, కింది కండకు మధ్య మైక్రోస్కోపులో ఒక గీత కనపడుతుంది. కణాలు ఎంత మందమైనా, ఎంత వంకరైనా గీతకు ఇవతలే ఉంటే అది క్యాన్సర్ కాదు. గీత దాటితే క్యాన్సర్. ఎర్రమ్మ స్లైడులో కణాలు గుంపులుగా గీత దాటి ఉన్నాయి.

శారద ఎర్రమ్మకు గరిటె తీసిన బొమ్మ తెప్పించారు. శుభ్రంగా ఉంది. పాసంగం తీసేయక ముందరి బొమ్మ ఇవ్వమని అడిగారు. దానిలో కణాల గుంపులు కనపడ్డాయి. గీత తెగి ఉంది. అంటే గరిటె చూసింది, చూసి తీసేసింది. తీసేసిందంటే అలాంటివే పోలమ్మ నోట్లో ఉండి ఉండాలి. ఆమె పోలమ్మ పోయిన నెల బొమ్మను తెర మీదకు తెచ్చారు. పక్కన ఆరేళ్ల నాటి గాజు స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టారు. పాతదానిలో గీత ఉంది. కొత్తదానిలో లేదు.

ఆమె జనరేటరు షెడ్డు దాటి, మెట్లెక్కి, డైరెక్టరు గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్లారు.

"మీ సున్నా ఎక్కడుంది?"

"ఏం సున్నా?"

"గరిటె సున్నా. అది లెక్క మొదలుపెట్టే చోటు."

"పోలమ్మ దగ్గర. మీకు తెలియదా?"

"పోలమ్మ ఎక్కడుంది?"

శారద స్లైడును, బొమ్మలను బల్ల మీద పెట్టారు.

"ఆవిడ నెలకు కొంచెం మారింది. మీ గరిటె నెలనెలా ఆ కొంచాన్నీ మామూలు కింద రాసుకుంది. తక్కెడలో రాయి పెరుగుతూ వచ్చింది, ముల్లు మాత్రం మధ్యలోనే ఉంది. ఏడాది పైగా ఈ ఒడ్డు మీద క్యాన్సర్ ఉన్నవాళ్లకు లేదని చెబుతున్నాం."

"అందరికీ కాదు. ఆవిడ లాంటి పెరుగుదల ఉన్నవాళ్లకి."

"ఎంతమంది?"

"చూడాలి."

"చూడండి. ముందు ఆవిడకి కోయండి."

మాధవరావు బొమ్మలను రెండుసార్లు మార్చి చూశారు. "మంగళవారం పాసంగం గడువు. ఆ రోజు తీయకపోతే అన్నీ ఆగిపోతాయి. కొత్త మనిషిని వెతకడానికి నెల కావాలి. ఈ ఒక్కసారి తీద్దాం. తీశాక కోద్దాం."

"తప్పని తెలిసిన పాసంగం?"

"గరిటె పట్టే ఐదు రకాల్లో ఆ పెరుగుదల ఒక్కటే తప్పుతుంది. మిగతా నాలుగు రకాలు పట్టుకుంటుంది. మొత్తం ఆపితే ఐదూ పోతాయి. లెక్క మీకూ తెలుసు."

"లెక్క తెలుసు. మొదటి సంతకం నాదే. ఇంకోటి పెట్టను."

శారద తీడపాలేనికి ఫోన్ చేశారు. ఎత్తింది గౌరీశ్వరి. ఏం మాట్లాడుకున్నారన్నది ఇద్దరూ ఒకేలా చెబుతున్నారు. డాక్టరు మూడు వాక్యాలు చెప్పారు. కూతురు "నాను మార్చిలోనే సెప్పినాను" అని పెట్టేసింది.

మంగళవారం జీపులో తల్లితో పాటు కూతురూ వచ్చింది. పోలమ్మ అప్పటికి కోతకు ఒప్పుకోలేదు. దారి పొడుగునా ఇద్దరూ తిట్టుకున్నారని డ్రైవరు చెప్పాడు. గదిలో మాధవరావు, శారద, ఒక నర్సు ఉన్నారు. శారద పోలమ్మ ఎదురుగా నిలబడి సంగతి చెప్పారు. ఎర్రమ్మ సంగతి కూడా చెప్పారు.

"ఎర్రప్పకా?" అంది పోలమ్మ. "నాతో కూడా ఒడ్డుకొచ్చేది. ఆ మనిసికి మామూలని సెప్పింది నా నోరేనా?"

"నీ నోరు కాదమ్మా, మేం" అన్నారు శారద.

"నాదే. పాసంగం నానే కదా."

మాధవరావు కుర్చీ ముందుకు జరిపారు. "పోలమ్మా, ముందు గరిటె పెట్టుకో. రెండు నిమిషాలు. తర్వాత పక్క గదిలో ముక్క తీస్తారు."

"ఇప్పుడు గరిటెడితే ఏటి రాసుకుంతాది బాబూ?"

ఆయన గరిటెను చేతిలోకి తీసుకున్నారు.

"సెప్పండి. నా నోట్లో ఉన్నది మామూలని రాసుకుంతాదా?"

"ఒక్క నెలకి."

"ఆ నెల్లో ఎందర్ని ఇంటికి తోలేస్తాది?"

"నువ్వు అవన్నీ ఆలోచించకు. నోరు తెరువు."

పోలమ్మ నోరు తెరిచింది. ఆయన గరిటె పెట్టారు. ఆమె దవడ మూసింది. మూసి తెరవలేదు. నర్సు గడ్డం పట్టుకుంది. గాజు చిట్లిన చప్పుడు గది బయటకు వినపడింది. గాజు ముక్కలు ఉమ్మేసి పోలమ్మ కూతురి వైపు చూసింది.

"ఏటే సూస్తన్నావు, కొయ్యమను."

మధ్యాహ్నం కోశారు. ముక్క మైనంలోకి వెళ్లింది. శుక్రవారం శారద స్లైడు చదివారు. కణాలు గీత దాటాయి, ఎముక అంచు దాకా వెళ్లాయి. మైక్రోస్కోపుకు రెండో మనిషి చూడటానికి ఇంకో కన్ను ఉంటుంది. మాధవరావు షెడ్డు పక్క గదికి వచ్చి దానిలోంచి చూశారు. చాలాసేపు చూశారు. "అవును" అన్నారు. వెళ్లిపోయారు.

కుడి పక్క పై దవడ, అంగిలి తీసేయాలని సర్జన్ చెప్పారు. తీసిన చోట నోటికి ముక్కుకు మధ్య రంధ్రం పడుతుంది. దాన్ని మూయడానికి ప్లాస్టిక్ పలక అమరుస్తారు. తినగలదు. మాట వస్తుంది, మునుపటిలా రాదు.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం పోలమ్మ వార్డు వరండాలోకి వచ్చి వేలం పాడింది. వంజరం గంప, సొర గంప, కవ్వళ్ల గంప. లేని బేరగాళ్లను పేరుపేరునా తిట్టింది. నర్సు వచ్చి రోగులున్నారు, ఊరుకోమంది. "రేపట్నించి ఊరుకుంతానులే తల్లీ" అని పాట పూర్తిచేసింది. గౌరీశ్వరి మంచం దగ్గరే కూర్చుంది, బయటకు రాలేదు.

ఆపరేషన్ అయింది. కేంద్రం గడిచిన పద్నాలుగు నెలల్లో 'మామూలు' వచ్చిన వాళ్లందరినీ మళ్లీ రమ్మంది. తీడపాలెం తుఫాను షెల్టరులో శిబిరం పెట్టారు. గరిటె లేదు. కత్తి, దారం, మందు సీసాలు ఉన్నాయి. డాక్టర్ శారద మైక్రోస్కోపును జీపులో తెచ్చుకున్నారు.

రెండు రోజులు ఒక్కరూ రాలేదు.

అప్పటికి ఊళ్లో మాట వేరేగా తిరిగింది. గరిటె ముందు పోలమ్మ నోట్లో పెట్టేవారు, తర్వాత మన నోట్లో పెట్టేవారు, దాని జబ్బు మనకు అంటించారు అని. ప్రతి ఊరికీ వేరే గరిటె ఉందని, గాజుకు ప్రతిసారీ కొత్త తొడుగు వేస్తారని శారద ఇంటింటికీ వెళ్లి చెప్పారు. ఒక ఇంట్లో నీళ్లు చల్లి తలుపేశారు. కుళాయి దగ్గర గౌరీశ్వరి బిందెను కాలితో తోసింది ఒలిశెట్టి దానమ్మ.

"మీ యమ్మ ఉమ్ము మా నోళ్లలో ఎట్టినారు. జీపులెక్కి తిరిగినారు. ఇప్పుడు కోతలేటే?"

"నీకూ మామూలని వొచ్చిందా పిన్నీ?"

"వొచ్చింది. మామూలే నాకు. మీ పీడ నాకొద్దు."

మూడో రోజు పొద్దున పోలమ్మ ఆసుపత్రి నుంచి వచ్చింది. ఇంటికి వెళ్లలేదు. ముఖానికి కట్టుతో ఒడ్డుకు వెళ్లింది. నాలుగు పడవలు తగిలి ఉన్నాయి. వేలం ఇంకొకడు పాడుతున్నాడు. ఆమె గంపల మధ్యకు వెళ్లి నిలబడింది. అతను ఆపాడు.

"గంప ముట్టకప్పా" అన్నాడు ఒక బేరగాడు.

"ముట్టను" అంది పోలమ్మ. మాట ముక్కులోంచి వచ్చింది. వెనకనుంచి ఎవరో గేదెలా అరిచారు. కొందరు నవ్వారు. గౌరీశ్వరి వెనక్కి తిరిగింది. తల్లి ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"నవ్వండి. నాను కూడా ఆదెమ్మని నవ్వినాను" అంది. తర్వాత నోట్లో చెయ్యి పెట్టి పలక తీసింది. నోరు తెరిచి తల వెనక్కి వంచింది. దానమ్మ ఎదురుగా వెళ్లి నిలబడింది. పలక లేకపోతే ఆమె మాట అర్థం కాదు. లోపలి నుంచి ముక్కు గోడ కనపడుతోంది.

దానమ్మ వెనక్కి తగ్గింది. "ముయ్యి. ముయ్యే బాబూ, సూడ్నేను."

పోలమ్మ మూయలేదు. పక్కనున్న మనిషి దగ్గరకు వెళ్లింది. ఆ తర్వాత ఇంకో మనిషి దగ్గరకు. ఒడ్డు మీద అడ్డపొగ తాగే ఆడవాళ్లందరి ముందూ ఒక్కొక్కరి దగ్గర ఆగి నోరు చూపించింది. ఒకామె నోట్లో ఉన్న చుట్ట తీసి చీరకొంగు చాటున పెట్టుకుంది. చివరికి పోలమ్మ పలక పెట్టుకుని దానమ్మ దగ్గరకు తిరిగి వచ్చింది.

"నాకు గరిటె మామూలనే అన్నాది" అంది. "కోసిన నెల దాకా అన్నాది."

"నాకు మంట నేదు, కంతి నేదు."

"నాకూ మంట నేదు, మొదట్ల."

"నీ వల్లే వొచ్చింది ఇదంతా."

"నా వల్లే. పద."

దానమ్మ ముందు కదల్లేదు. ఆమె కోడలు షెల్టరు వైపు నడిచింది. ఆమె వెనక ఇద్దరు, తర్వాత మరికొందరు వెళ్లారు. మధ్యాహ్నానికి షెల్టరు మెట్ల మీద వరుస ఉంది. దానమ్మ దానిలో చివరన నిలబడి తనకు ముందున్న వాళ్లతో గొడవపడింది. సాయంత్రం ఆమెకూ కోశారు.

మాధవరావు శిబిరానికి రాలేదు. ఆయన సెలవులో ఉన్నారని కేంద్రం చెప్పింది.

ఆ రోజు తీడపాలెంలో ఇరవై ఆరుగురి అంగిళ్ల నుంచి ముక్కలు తీశారు. మరుసటి గురువారం నాటికి డాక్టర్ శారద పదకొండు స్లైడ్లు చదివారు. నాలుగింటిలో కణాలు గీత దాటి ఉన్నాయి. దానమ్మ స్లైడు ఇంకా చదవలేదు.